నాలుగు కర్రలు

ఆ రోజు కూడా మైదానంలో అదే చోట నాలుగు కర్రలు పాతి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక ఎర్ర గుడ్డ పీలిక.

డ్రిల్లు మాస్టారికి ఒళ్ళు మండింది.

ఆ బడికి వచ్చి రెండేళ్ళయినా ఈ పిచ్చి మనిషి పీడ మాత్రం వదల్లేదు. వాన పడిన మర్నాడల్లా ఎక్కడినుంచి ఊడిపడుతుందో, తెల్లారేసరికి కర్రలు పాతేస్తుంది. ఇన్నాళ్ళూ పీకినవన్నీ దాచి ఉంటే మైదానం చుట్టూ దడి కట్టేవాడు.

ఆమె ఇంకా గోడ దగ్గరే ఉంది. నడివయసు మనిషి, మోచేతుల దాకా బురద.

"ఇవి పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటే పూచీ ఎవరిదమ్మా?" అని అడిగాడు.

పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. దణ్ణం పెట్టి ఆ చోటే చూపించింది. పచ్చటి గడ్డి తప్ప అతనికేమీ కనిపించలేదు. వాచ్‌మన్‌ని పిలిచి ఆమెను గేటు దాటించి, కర్రలు తనే పీకేశాడు.

సాయంత్రం మ్యాచ్‌లో, జట్టులోకెల్లా చురుకైన పిల్ల బంతి వెంట పరుగెత్తుతూ అక్కడే కూలిపోయింది.

ఎప్పుడో పీకేసిన గోల్ స్తంభం తాలూకు గుంట అది. ఎంత మట్టి పోసినా వానకు కుంగిపోతుంది, పైన గడ్డి కప్పేస్తుంది. పిల్ల మోకాలు చితికిపోయింది. మళ్ళీ ఎప్పుడు ఆడతానని ఆసుపత్రిలో ఆ పిల్ల అడిగితే, మాస్టారు త్వరలోనే అని అబద్ధం చెప్పి బయటికొచ్చి ఏడ్చాడు.

పిల్ల తండ్రి కోర్టుకెక్కాడు.

బడి తరఫు లాయరు మాస్టారిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి సాక్ష్యం నేర్పాడు. గుంట సంగతి బడిలో ఎవరికీ తెలియదు, మునుపెన్నడూ అక్కడ ఎవరూ పడలేదు. ఆ రెండు ముక్కలూ నిలిస్తే పిల్ల కేసు పోయినట్టే.

మాస్టారికి మనసొప్పలేదు.

"ఒకావిడ అక్కడ కర్రలు పాతేదండీ. నేనే పిచ్చిదనుకుని తరిమేశాను."

లాయరు రాస్తున్నవాడు ఆగాడు.

"ఎందుకో చెప్పిందా?"

"లేదండీ. రెండేళ్ళలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు."

లాయరు ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే భయం లేదు. ఆరేళ్ళ కిందట ఆ గుంటలోనే కాలు పోగొట్టుకున్న పిల్లకు తల్లి ఆవిడ, రాజీ కుదిరినప్పుడు ఈ సంగతి గురించి ఎక్కడా నోరెత్తనని మనకు సంతకం పెట్టిచ్చింది."