కొత్త చెయ్యని మామిడికాయ

మన్యం అంచున ఉన్న ఆ ఆశ్రయ గృహంలో, నడవలేనివాళ్లనూ చూపులేనివాళ్లనూ చూసుకునేది ‘సంరక్షిణి’ అనే యంత్రం. పేరులో రక్షణ ఉన్నా పనిలో ఉన్నది శిక్షణే, అందులోనూ ‘శిక్ష’ పాలే ఎక్కువ. ఎవరైనా మూడు పూటలు పళ్లెం తోసేస్తే కుర్చీకి కట్టి గొట్టంతో తిండి పొయ్యమని సహాయకులకు చెబుతుంది. తినిపించే రకం కాదు, తిని తీరమనే రకం.

కొండరెడ్ల కన్నపమ్మ మూడో పూట కూడా మామిడికాయ పప్పు తోసేసింది. నడుం కింద కదలదు గానీ ఆమె నోరు పరుగెడుతుంది. అప్పటికే ఆమె కొండవాళ్లు నలుగురు అదే నేరానికి కుర్చీలకు కట్టేసి ఉన్నారు.

పట్టీ పట్టుకొచ్చిన సహాయకుడు ఫణీంద్ర బతిమాలాడు. “తినెయ్ మామ్మా, నాకు కట్టబుద్ధి కావట్లేదు.”

“కొత్త పండగ చెయ్యకుండా మామిడికాయ ముడతామా నాయనా? తొలికాయ కొండకీ పెద్దలకీ పెట్టాలి. ఆనక మేం తినాలి.”

ఫణీంద్ర నాలుక కరుచుకుని, వంటగదిలోంచి పచ్చికాయ తెచ్చి కోశాడు. ఆమె మొదటి ముక్క పక్కనున్న కిటికీలో కొండవైపు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

“ఇక తిను మామ్మా.”

“ఒక్కదాన్నే తింటే కొత్తెలా అవుద్ది? ముందు ఆళ్ల కట్లు ఇప్పు.”

అతను మొదటి పట్టీ విప్పగానే సంరక్షిణి కూసింది. “అనుమతి ఎవరిది?”

కన్నపమ్మ హాలంతా వినబడేలా అరిచింది. “మేం అలగలేదు, మాకు జబ్బూ లేదు. పండగ కోసం ఆగాం. ఒక్కసారి అడిగుంటే చెప్పేవాళ్లం. నోరు మాది, అనుమతీ మాదే. రాసుకో!”

ఫణీంద్ర రెండో పట్టీ విప్పాడు.