మొదటి ముద్ద

టిఫిన్ క్యారియర్ మూత తీస్తుంటే దుర్గయ్యకు రోజూలాగే నోరెండిపోయింది. మొదటి ముద్ద అతనిది. అది తిని గంటసేపు ప్రాణాలతో ఉంటేనే ప్రహ్లాద్ దొర భోంచేస్తాడు.

ప్రహ్లాద్ కంటే ముందు అనుమానం పుట్టింది. 1938లో అన్న రాత్రి భోంచేసి తెల్లారేసరికి పోయాడు. విషం పెట్టింది వదిన విమలాదేవేనని ఆయన నమ్మకం. హైదరాబాద్ కార్వాన్‌లో ఉన్న మేడ వదిలేసి, లారీ మీద చెక్క గది కట్టించుకుని అందులోనే కాపురం పెట్టాడు. లోపల ఓ మంచం, ఓ పెట్టె, ఓ స్టవ్వు. బండి ఒకరోజు గౌలిపురలో ఉంటే మర్నాడు జల్‌పల్లిలో. నడిపేది దుర్గయ్య.

ఇంత భయంలోనూ భోజనం మాత్రం మేడ నుంచే రావాలి. వదిన చేతి చింతపండు పులుసు లేనిదే ఆయనకు ముద్ద దిగదు.

గంటయ్యేసరికి అన్నీ చల్లారిపోయేవి. అప్పుడు దొర గడియ పెట్టుకుని, తన రాగి గిన్నెలో పులుసు తానే కాచుకునేవాడు. కుతకుత ఉడికితే గానీ దించడు. ఆ గిన్నెను ఇంకొకరు ముట్టుకోకూడదు.

ఒకసారి దుర్గయ్యకు జ్వరమొచ్చింది.

“ఇయ్యాల నోట్లెకు ఏం పోతలేదు దొరా.”

“అయితె నీ బిడ్డను పిలువు. అది తింటది.”

ఏడేళ్ళ పిల్ల ఆకలి మీద ఆబగా తిన్నది. ఆ గంటంతా దుర్గయ్య దాని ముఖమే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడు పని మానేస్తానంటే, విషం తెస్తున్నది నువ్వేనని పోలీసులకు పట్టిస్తానన్నాడు దొర.

వానలు పడేసరికి ప్రహ్లాద్ చిక్కి సగమయ్యాడు. వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. దుర్గయ్య మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు.

విమలాదేవి కబురు పంపింది, గిన్నె ఒకసారి ఇంటికి పంపితే లోపల తగరం పూత, కళాయి వేయించి ఇస్తానని.

“చూసినవా? గిన్నెల మందు పూసి పంపుతదట,” అన్నాడు ప్రహ్లాద్.

“ఇయ్యకున్రి దొరా. మీ గిన్నె మీ తాననే ఉండనియ్యున్రి,” అన్నాడు దుర్గయ్య.

చివరికి హకీం జాఫర్ సాబ్ లారీ ఎక్కి నాడి చూశాడు.

“ఏం తింటుండు?”

“నేను తిన్నదే సాబ్. ఒక్క మెతుకు ఫరక్ లేదు.”

హకీం దుర్గయ్యను ఎగాదిగా చూశాడు. “నువ్వు మంచిగనే ఉన్నవు గద. అయితె తిండిల ఏం లేదు.”

మూడోనాడు ప్రహ్లాద్ పోయాడు. విమలాదేవిని ఎవరూ ఒక్క మాట అనలేదు. రోజూ అదే తిన్న మనిషి ఎదురుగా ఉన్నాడాయె. దొర కోసం ఇన్నాళ్ళూ ప్రాణం ఒడ్డాడు పాపం అని దుర్గయ్యను అందరూ మెచ్చుకున్నారు.

ఈ లారీ ఎక్కకముందు ఇరవై ఏళ్ళపాటు, కళాయి పోయిన రాగిలో పులుసు కాస్తే విషమవుతుందని గడపగడపకూ చెప్పి గిన్నెలకు కళాయి వేసినవాడు దుర్గయ్యే.