చీటీ లేని నత్తగుల్ల

నాన్న నలభై ఏళ్లు పోగేసిన నత్తగుల్లల్నీ పురుగుల్నీ పొద్దున్నే మ్యూజియం వాళ్లు తీసుకెళ్తారు. దొరికిన చోటు రాసిన చీటీ లేనివి పారేస్తారట. రాత్రి పదకొండయ్యేసరికి చీటీ లేని గుల్ల ఒక్కటి మిగిలింది. అది ఎక్కడిదో ఆయనకే తెలుసు. ఆయన పోయి ఏడాదైంది.

పెన్సిల్ మొన నాలుకకి అద్దుకుంటే గానీ నాన్నకి చీటీ మీద చెయ్యి కదిలేది కాదు. అందుకు అమ్మ తిట్టని రోజు లేదు.

మంచినీళ్లు తాగి వంటింట్లోంచి వస్తుంటే, పక్కగదిలో అమ్మ నిద్రలోనే విసుక్కుంది.

"మళ్లీ నోట్లో పెట్టారా ఆ పెన్సిల్? ఎన్నిసార్లు చెప్పాలండీ."

ఆ మాట విని ఎన్నాళ్లైందో. నవ్వుకుంటూ బల్ల దగ్గర కూర్చుని, 'చోటు తెలియదు' అని రాద్దామని పెన్సిల్ అందుకున్నాను.

మొన ఇంకా తడిగానే ఉంది.