ఒక్కటి విననిస్తావా

ట్రైన్ దిగుతుంటే ఎవరి భుజమో తగిలి, దేదీప్య చేతిలో ఫోన్ జారి వాననీళ్ల గుంటలో పడింది.

తుడిచి ఆన్ చేస్తే వెలిగింది. కాసేపటికే ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది.

రిపేర్ షాపతను కేబుల్ పెట్టి చూసి పెదవి విరిచాడు.

"పోర్ట్ పోయింది. కంప్యూటర్‌కి కనెక్ట్ కావట్లేదు. డేటా మీద ఆశ వదులుకోండి."

కొత్త ఫోన్ కొనుక్కోవచ్చు. కానీ ఆ ఫోన్‌లో అక్క గొంతుంది.

శ్రీవిద్య పోయి ఏడాది కావస్తోంది. కీమో చేయించుకొచ్చి మంచం మీద పడుకుని కూడా చెల్లెలికి కాల్ చేసి నవ్వించేది. ఆ మాటలన్నీ దేదీప్య రికార్డ్ చేసి పెట్టుకుంది. క్లౌడ్ నిండిపోయిందని ఎన్ని మెసేజ్‌లొచ్చినా, మాస్టర్స్ హడావిడిలో పట్టించుకోలేదు.

జెర్సీ సిటీలో తను ఉండే టవర్‌కి వచ్చి, లాబీ సోఫాలో కూలబడి ఏడ్చేసింది.

"ఏమైందమ్మా?"

తలెత్తి చూసింది. పన్నెండో అంతస్తు కోటయ్య గారు. ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లిఫ్ట్‌లో ఎవరు కనబడినా 'ఫోన్ బ్యాకప్ చేసుకున్నారా?' అని అడుగుతారని కుర్రాళ్లు ఆయనకి బ్యాకప్ అంకుల్ అని పేరు పెట్టారు. ఆయన ఎక్కితే దిగిపోయేవాళ్లూ ఉన్నారు.

దేదీప్య ఏడుస్తూనే చెప్పింది.

"చార్జింగ్ ఎక్కుతోందా?"

"వైర్‌లెస్ ప్యాడ్ మీద పెడితే ఎక్కుతోంది అంకుల్. కేబులే పనిచేయట్లేదు."

"అయితే కేబుల్‌తో పనేముంది? వైఫై మీద లాగుదాం. ఉండు, ఇప్పుడే వస్తా."

ఓ పాత లాప్‌టాప్ పట్టుకుని దిగారు.

"ఇది విండోస్ కాదా అంకుల్?"

"లైనక్స్ తల్లీ. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, అందరికీ ఊరికే ఇచ్చేసింది. ఫోనూ ఇదీ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఫైల్స్ వాటంతటవే వచ్చేస్తాయి."

ఫోన్ వెలిగి ఉన్న కాసేపట్లోనే ఆయన చెప్పిన యాప్ వేసింది దేదీప్య. కంప్యూటర్‌తో కలపమంటావా అని ఫోన్ అడిగితే ఓకే నొక్కింది.

ఒక ఫైల్ వచ్చింది. రెండోది సగంలో ఉండగా ఫోన్ ఆరిపోయింది.

"అంకుల్!"

"గాబరా పడకు. ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలెడుతుంది."

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఆఫీసు కాల్స్ వస్తున్నా ఆయన తీయలేదు. ఫోన్ ఆరినప్పుడల్లా, జ్వరం చూసినట్టు దాని మీద చెయ్యి పెట్టి చూసేవారు.

సాయంత్రానికి అన్నీ వచ్చేశాయి.

దేదీప్య ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిది నొక్కింది.

'ఒసేయ్ దేదీ, తిన్నావా? నీ వంట నువ్వే తింటే నాకంటే ముందు నువ్వే పోతావే!'

నవ్వొచ్చింది. నవ్వుతూనే వెక్కివెక్కి ఏడ్చింది.

ఆయన ఆమె ముఖాన్నే చూస్తున్నారు.

"వచ్చిందా? గొంతు అచ్చం అలాగే ఉందా?"

"అలాగే ఉంది అంకుల్. పక్కన కూర్చుని తిట్టినట్టుంది."

ఆయన ఏదో అనబోయి ఆగారు. మళ్లీ నోరు పెగుల్చుకున్నారు.

"ఒక్కటి... నన్నూ విననిస్తావా తల్లీ?"

దేదీప్య ముఖం మారిపోయింది. సాయం చేశారు సరే, పరాయి మనిషికి అక్క మాటలతో పనేమిటి?

"అవి పర్సనల్ అంకుల్."

"అవునమ్మా. అడక్కూడదు. నాదే తప్పు."

ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, తన లాప్‌టాప్‌లోంచి ఆమె ఎదుటే తీసేశారు. దేదీప్య థాంక్స్ కూడా చెప్పకుండా లిఫ్ట్ ఎక్కేసింది.

రూమ్మేట్ సాన్వి విని కళ్లు పెద్దవి చేసింది.

"క్రీపీగా లేదూ! ఇంకో కాపీ ఎక్కడో దాచుకునే ఉంటాడే."

టవర్ తెలుగువాళ్ల గ్రూప్‌లో సాన్వే మెసేజ్ పెట్టింది: 'ఫోన్ బాగుచేస్తానని వచ్చే అంకుల్స్‌తో అమ్మాయిలు జాగ్రత్త.'

పేరు పెట్టలేదు. పెట్టకపోయినా అందరికీ తెలిసింది. దేదీప్య ఆ మెసేజ్ చూసింది. కాదని ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత కోటయ్య గారు లిఫ్ట్‌లో ఎవర్నీ ఏమీ అడగలేదు. తల దించుకుని నిలబడి, తన అంతస్తు రాగానే దిగిపోయేవారు.

చలికాలం వెళ్లిపోయింది. ఒక శనివారం లాబీ నిండా అట్టపెట్టెలు. వాటి మధ్య ఒంటరిగా కూర్చున్న ఒకావిడ దేదీప్యకి కనబడింది.

"ఖాళీ చేస్తున్నారా ఆంటీ?"

"అవునమ్మా. పన్నెండో అంతస్తు. కోటయ్య గారి భార్యని, గిరిజని. మా తమ్ముడు కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటాడు, అక్కడికి వెళ్లిపోతున్నా."

"అంకుల్ రాలేదా?"

"ఫిబ్రవరిలో పోయారమ్మా. గుండెపోటు."

దేదీప్య ఓ పెట్టె అంచు పట్టుకుని నిలబడింది.

"నా ఫోన్ పాడైతే, మా అక్క మాటలు ఆయనే తీసిచ్చారాంటీ."

"ఆ పిల్లవి నువ్వేనా!" గిరిజ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఒకమ్మాయికి వాళ్లక్క గొంతు దొరికింది గిరిజా, ఆ పిల్ల మొహం చూడాల్సిందని ఒకటే చెప్పుకున్నారు."

"ఒక్కటి వింటానన్నారు. నేను విననివ్వలేదు."

"అది నాకు చెప్పలేదమ్మా."

గిరిజ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఓ ఫోన్ తీసింది. గులాబీరంగు కవర్. నిండా చార్జింగ్ ఉంది. తెర మీద లాక్ నంబర్ అడుగుతోంది.

"మా నైనికది. యాక్సిడెంట్‌లో పిల్ల పోయింది, దీనికి గీత కూడా పడలేదు. పాటలు పాడి ఇందులోనే దాచుకునేది, మాకు నంబర్ చెప్పలేదు."

ఆవిడ తెరని కొంగుతో తుడిచింది.

"ఇందులోంచి బిడ్డ గొంతు ఒక్కసారి వినాలనే ఆయన ఆ లైనక్సూ అవీ అన్నీ నేర్చుకున్నారమ్మా, వినకుండానే వెళ్లిపోయారు."