పేరు లేని జాబితా

గల్ఫ్‌లోని అల్ మవాలేలో ఒక స్కాట్లాండు ముసలాయన ఇంట్లో పనిచేస్తోంది కడప జైనబీ. ఆమె గదిలోకి అడుగుపెడితే చాలు, ఆయన రాసుకుంటున్న నోటుబుక్కు టక్కున మూసేస్తాడు. అందుకే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఒక పేజీని ఫోన్లో ఫొటో తీసింది. తనకు ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి, ఆయనకు ఇంజెక్షన్ వేయడానికి వచ్చిన తెలుగు నర్సు కెజియాకు చూపించింది.

"ఇనప కుండ ఒకటి, కంబళ్లు రెండు, పెట్టె ఒకటి. ఆడమనిషిని ఇంట్లోంచి పంపేశాం అని ఉందక్కా," అంది కెజియా మెల్లగా.

"కంబళ్లు నావే, పెట్టె నాదే! దొంగతనం అంటగట్టి తరిమేయాలని చూస్తాండాడు."

ఆ సాయంత్రమే జైనబీ సంచీ సర్దుకుని ఆయన ముందు నిలబడింది. "పంపించేదైతే ఇప్పుడే పంపించండి సార్," అంటూ ఫొటో చూపించింది.

ఆయన తెల్లబోయాడు. వచ్చీరాని హిందీలో చెప్పాడు. "ఇది నూటయాభై ఏళ్ల కిందటి లిస్టు. మా ఊరి షెరీఫ్ ఆఫీసు చరిత్ర రాస్తున్నాను. వాళ్లు కోర్టు కాగితం తెచ్చి, సామాన్లకు లిస్టు రాసుకుని పేదల ఇళ్లు ఖాళీ చేయించేవాళ్లు."

"మా ఉర్దూలో షరీఫ్ అంటే మర్యాదస్తుడు కదా సార్?" జైనబీకి నమ్మకం కుదరలేదు. "మరి నన్ను చూస్తానే బుక్కు ఎందుకు మూస్తారు?"

"సిగ్గేసి. ఆ లిస్టు రాసిన ఆఫీసరు మా ముత్తాత."

జైనబీ సంచీ కింద పెట్టింది. "ఆయమ్మ పేరేంది సార్?"

"కుండ రాశాడు, కంబళ్లు రాశాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు. మూడేళ్లుగా ఆ పేరు కోసమే వెతుకుతున్నాను."