బండి కింద ముగ్గుపిండి

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. మోకాలి ఆపరేషనై కాలు మడవలేని తాత వీరరాఘవన్, ఆయన్ను వదిలి కదలని అవ్వ సౌభాగ్యం, సెలవు పెట్టిన నాన్న ముకుందన్, వంటింట్లో అమ్మ సుధ, కిటికీ దగ్గర అభినయ.

గేటు బయట ఎస్‌యూవీ ఉంది. పదమూడేళ్ళ పాత బండి. కొని మూడు వారాలైంది.

తాతను వారానికి రెండుసార్లు గోరిమేడు ఆస్పత్రికి తీసుకెళ్ళి కాలికి వ్యాయామం చేయించాలి. మానేస్తే కాలు అట్లాగే బిగిసిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆటోలో ఆయన పట్టడు. ఈ బండిలో ముందు సీటు వెనక్కి జరిపితే కాలు చాపుకొని కూర్చోవచ్చు.

ముకుందన్ బ్యాటరీ మార్చాడు. టైర్లు మార్చాడు. సీట్లకు కొత్త కవర్లు వేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. గుమ్మడికాయతో దిష్టి తీయించాడు.

బ్రేకు ఆయిల్ మాత్రం తగ్గిపోతూ ఉండేది. తగ్గినప్పుడల్లా పోసేవాడు.

"పాత బండి గదా, కొంచెం తాగతాదిలే," అనేవాడు.

ఆ ఉదయం నటేశన్ నగర్ వీధిలో కొత్త గొంతు వినపడింది.

"ముగ్గుపిండీ..."

యాభై ఏళ్ళ ఆడమనిషి. బండి నంబరు చూసి ఆగింది. గంప దించింది. చుట్టూ ఒకసారి తిరిగి, వెనక చక్రాల దగ్గర కూర్చుని, చెయ్యి చాపి బండి కింద పిండి చల్లసాగింది.

ముగ్గేం కాదు. ఉతికిన పంచె పరిచినట్టు పలచగా, తెల్లగా.

చల్లి, అక్కడే కూర్చుంది.

అభినయ కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఎవరినీ పిలవలేదు. కొత్తవాళ్ళంటే ఆ పిల్లకు నోరు రాదు.

సౌభాగ్యం వాకిట్లోకి వచ్చింది.

"ఏయ్! ఎవురు నువ్వు? మా బండి కింద ఏంది పెడతా ఉండావు?"

"వట్టి పిండేనమ్మా. రోంతసేపు అట్లే ఉండనీండి."

"కడవుళే! దేవుడా! చేతబడి! ముకుందా, యాడుండావురా? పరిగెత్తిరా!"

ముకుందన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఎవురు పంపించినారు నిన్ను?"

"ఎవురూ పంపలేదు సామీ. ఈ పొద్దు బండి తియ్యొద్దండి. పిండి తడిసిందంటే..."

"తియ్యొద్దంట, విన్నావా! ఈయన కాలు బాగుపడకూడదని ఎవురికో కడుపుమంట!"

"అత్తా, ఆమె చెప్పేది ముందు వినండి..." సుధ మెల్లగా అంది.

"నువ్వు పోయి పసుపునీళ్ళు తే!"

ఇంతలో అభినయకు ఎడమ చక్రం వెనక తెల్లటి పిండిలో నల్లటి చుక్క ఒకటి కనపడింది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి పడింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ అరుస్తున్నారు. అక్కడే ఆగిపోయింది.

బకెట్టెడు పసుపునీళ్ళకు పిండంతా కొట్టుకుపోయింది. ఆమె చీర అంచు కూడా తడిసింది.

"నీ పేరేంది? యాడుండేది? పోలీసులకు చెప్తా," అన్నాడు ముకుందన్.

"అంగమ్మాళ్. తట్టాంచావడిలో, కంపెనీల వెనక వీధి. ముగ్గుపిండామె అంటే ఎవురైనా చూపిస్తారు."

గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

పది గంటలకు తాతను గేటు లోపల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన నాలుగడుగులు కూడా నడవకూడదని ముకుందన్ బండిని వెనక్కి తోలుకుంటూ గేటులోకి తెచ్చాడు.

బ్రేకు తొక్కాడు. పెడలు అడుగుదాకా దిగిపోయింది. బండి ఆగలేదు.

"నాయనా!" అని ఎవరో కేక పెట్టారు.

హ్యాండ్‌బ్రేకు లాగాడు. తాత చాపుకున్న కాలికీ బండికీ మధ్య జానెడు చోటు మిగిలింది.

కేక పెట్టింది తానేనని అభినయకు అప్పుడు తెలిసింది.

"నాయనా, నీళ్ళు పోయకముందే పిండి తడిసింది," అంది. "నేను చూసినా. చెప్పలా."

మెకానిక్ బాలమురుగన్ బండి కింద దూరి, పది నిమిషాలకు బయటికి వచ్చాడు.

"బ్రేకు పైపు తుప్పు పట్టింది సార్. ఎవురో చిల్లుకు అతుకేసి పైన రంగు పూసినారు. మీరు పైనుంచి పోస్తా ఉంటే కింద కారతా ఉంది. పాప చెప్పిన ఆ పిండి చల్లింది ఎవురు? మట్టిలో కనపడని చుక్క తెల్లటి దాంట్లో కనపడతాది. పని తెలిసినోళ్ళే చేస్తారట్లా."

సౌభాగ్యం సాయంత్రం బీరువాలోంచి కొత్త చీర తీసి, పండ్లతో కలిపి మనవరాలి చేతిలో పెట్టింది.

తట్టాంచావడిలో తండ్రీకూతుళ్ళు వెతికి పట్టుకున్నది ఒక రేకుల ఇల్లు. అంగమ్మాళ్ తలుపు తీసి, వాళ్ళను చూడగానే అడిగింది.

"పెద్దాయన బాగుండాడా?"

"బాగుండాడమ్మా. తప్పు మాదే," అన్నాడు ముకుందన్.

"పైపు మార్చినారా?"

"కొత్తది ఏయించినాం."

"అతుకు గాదు గదా?"

"గాదమ్మా. మొత్తం కొత్తదే."

అంగమ్మాళ్ తలాడించింది.

"ఏ షెడ్డులో నేర్చుకున్నావమ్మా ఈ పని?" అడిగాడు ముకుందన్.

"షెడ్డా? నాకు స్క్రూ తిప్పను కూడా రాదు సామీ."

చీర వద్దంది. పండ్లలోంచి ఒక్క అరటిపండు తీసుకుంది.

అభినయ నోరు విప్పింది.

"మరి పైపు సంగతి నీకెట్లా తెలుసు పెద్దమ్మా?"

అంగమ్మాళ్ ఆ పిల్ల తలమీద చెయ్యి వేసింది.

"దాన్ని మార్చండి మార్చండి అని ఓనరును ఆర్నెల్లు అడిగినాడు పాపా ఆ బండి డ్రైవరు, పోయిన ఆషాఢంలో బ్రేకు పడక దాంట్లోనే పోయినాడు, మా ఇంటాయనే," అని చెప్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.