గోడ పక్క ఇల్లు

"రెండు మార్కులు తగ్గాయండీ. సీటు రాదు," అన్నాడు కాలేజీ అడ్మిషన్ల ఆఫీసరు, టీలో బిస్కెట్టు ముంచుతూ.

టైలరు కుర్చీ అంచుకు జరిగాడు. పక్కనే కూతురు తల దించుకుని సంచీ పట్టీ మెలిపెడుతోంది.

"అదెలాగండీ? మేం దగ్గరివాళ్లం! మీ గోడా మా గోడా ఒకటే. ఇక్కడ గంట కొడితే మా ఇంట్లో గిన్నెలు మోగుతాయి. సగం సీట్లు దగ్గర్లో ఉన్నవాళ్లకే అన్నారు కదా?"

"అన్నాం. ఆ మాట పట్టుకుని ఊళ్లకి ఊళ్లే మూటాముల్లె సర్దుకొచ్చి ఈ గోడ పక్కన పడ్డాయి. ఆ సగానికి ఇప్పుడు కొట్టుకు చస్తున్నారు. దూరంవాళ్ల సగాన్ని అడిగే దిక్కే లేదు. మీ అమ్మాయి మార్కులకి అందులో అయితే కళ్లు మూసుకుని ఇచ్చేవాళ్లం."

టైలరుకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ సీటు కోసమే కదా, మూడు గదుల సొంతిల్లు వదిలి అగ్గిపెట్టెలాంటి గదిలోకి వచ్చింది! అందులో మంచం ఎత్తి గోడకు ఆనిస్తే తప్ప కుట్టుమిషను ముందు కూర్చోవడానికి చోటుండదు.

"వెళ్దాం పద నాన్నా," అంది కూతురు.

"ఉండమ్మా. సార్, అసలు మేం దూరంవాళ్లమేనండీ! సొంతిల్లు అక్కడే ఉంది. రేపే వెళ్లిపోతాం."

"రేపు వెళ్తే లాభం లేదు. ఏడాదిపాటు అక్కడే ఉండాలి. వచ్చే ఏడాది రండి."

"వచ్చే ఏడాదే వస్తాం. మా తమ్ముడు ఆ ఇంటిని ఎవరో కుర్రాడికి అద్దెకిచ్చాడు. ఒక్కడే ఉంటాడట, పొద్దస్తమానం చదువేనట. ఇప్పుడే ఫోన్ చేసి ఖాళీ చేయిస్తాను."

ఆఫీసరు చేతిలోని బిస్కెట్టు విరిగి టీలో పడింది.

"ఎక్కడండీ ఆ ఇల్లు?"

"బస్సులు వెనక్కి తిరిగే చోట, ఇటుకబట్టీ దాటాక. నీలం తలుపులు."

ఆఫీసరు చెంచాతో బిస్కెట్టు ముక్క కోసం కాసేపు వెతికాడు. దొరకలేదు. తలెత్తకుండానే అన్నాడు:

"ఫోనెందుకులెండి. వంటింటి కప్పు కారుతోంది, వెళ్లగానే అది బాగుచేయించుకోండి. ఆదివారానికల్లా ఖాళీ చేసేస్తాం, మావాడికి సీటొచ్చేసింది."